రేవుపాడుకు ఏ రంగు

కర్నూలు మునిగిన దానికి ముందటి ఏడు ఇది జరిగింది. అప్పటికి తుంగభద్ర తన దారిన తను పోతూనే ఉంది. ఒడ్డున ఉన్నవాళ్ళు ఒడ్డున ఉన్నారు, మెట్టన ఉన్నవాళ్ళు మెట్టన ఉన్నారు. ఆ ఒడ్డున ఉన్న రేవుపాడు మనిషి మీరావలి మాత్రం గల్ఫులో, రువైస్‌లో పైపులకు రంగు వేస్తున్నాడు.

రువైస్‌లో ఒక పక్క సముద్రం, ఒక పక్క ఇసుక, నడుమ రిఫైనరీ. రిఫైనరీ పొగగొట్టం కొసన రేయింబవళ్ళు ఒక మంట నిలబడి కాలుతుంటుంది. పొగ రాదు. హోరు మాత్రం క్యాంపు దాకా వినిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు నాలుగు రోజులు దాన్ని చూసి తర్వాత మరచిపోతారు. మీరావలి మరచిపోలేదు. అన్నం తినేటప్పుడు కూడా దానికి వీపు పెట్టి కూర్చునేవాడు కాదు.

ఆయన మాట తక్కువ మనిషి. బడి మూడో తరగతితో సరి, చదవడం వచ్చీరానట్టే. కానీ అక్కడ పని చేసేవాళ్ళకు ప్రాణం నిలబెట్టే అక్షరాలు వేరే ఉన్నాయి. పైపు మీద ఎర్ర పట్టీ ఉంటే మంట సంగతి. నీలం పట్టీ ఉంటే నీళ్ళ సంగతి. ఆ పట్టీలు వేసేది మీరావలి ముఠాయే. ఏళ్ళ తరబడి అదే పని చేసీ చేసీ, సెలవుకు ఊరికి పోయినప్పుడు ఎర్రచీర కట్టుకున్న మనిషి ఎదురొచ్చినా ఆయన కాలు ఒక అడుగు వెనక్కి పడేది. ముఠాలో అందరిదీ అదే వరస. రంగు చూస్తే చాలు, దాని వెనక ఏముందో ఒంటికి తెలిసిపోతుంది.

ఆ ఏడు రంజాన్ నెలలో హయాత్ బాషా మెస్సు గోడ మీద అమెరికా బొమ్మ గీశాడు. హయాత్ బాషా అదే ముఠావాడు, ఇంటర్ దాకా చదివాడు, మీరావలికి అల్లుడి వరస. అక్కడ ప్రెసిడెంటు ఓట్లు దగ్గర పడ్డాయి. బ్యాంకులు కూలుతున్నాయని, ఎవరు గెలిస్తే మన పనులు నిలబడతాయని క్యాంపంతా అదే మాట. రాష్ట్రాల పేర్లు మాత్రం ఎవరి నోటా నిలవలేదు. అందుకని హయాత్ బాషా ఒక్కో రాష్ట్రానికీ క్యాంపులో ఉన్నవాళ్ళ ఊరి పేరు పెట్టాడు. ఓట్లప్పుడు ఏ ఊరు ఎట్లా నడుస్తుందో చూసి మరీ పెట్టాడు. ఒక్క పెద్దమనిషి మాట మీద గంపగుత్తగా ఓట్లు పడే బండమీదిపల్లె టెక్సాస్ అయింది. కడదాకా ఎటు తిరుగుతుందో తేలని రేవుపాడు ఒహాయో అయింది. ఒహాయో నెత్తిన మిషిగన్ ఉంది. దానికి ఎగువరేవు అని పెట్టాడు. మన నది మీద కూడా ఎగువరేవు పైన, రేవుపాడు దాని కింద.

"చూసి పెట్టినావా?" అని మీరావలి అడిగాడు.

"లేదు మామా. అట్ల కుదిరింది."

స్టోరులో రంగులు ముట్టుకోనివ్వరు. అందుకని ఎరుపుకు డబ్బా అడుగున మిగిలిన రెడాక్సైడు, నీలానికి బట్టలకు పెట్టే నీలిమందు తెచ్చారు. పోటీలో ఉన్న ఇద్దరిలో ఎరుపు ముసలాయన పార్టీది, నీలం నల్లాయన ఒబామా పార్టీది. ఆ రంగులు టీవీలో చూపించేవే, హయాత్ బాషా కల్పించినవి కావు.

మొదటి వాదన రోజున అందరూ తెల్లవారుజామున, ఉపవాసానికి ముందు తినే సహరీ ముగించి మెస్సులో టీవీ ముందర కూర్చున్నారు. ఇద్దరు అభ్యర్థులూ రెండు బల్లల వెనక నిలబడి మాట్లాడుతున్నారు.

"ఏం జెప్తున్నడు?" అన్నాడు భోజన్న. అతను మెస్సులో వంట చేసే జగిత్యాల మనిషి. అతని ఊరు గోడ మీద లేదు కాబట్టి అందరి ఊర్ల మీదా నోరు లేచేది.

"బ్యాంకుల సంగతి చెప్తాండాడు. ఒబామా బాగనే చెప్తాండాడు," అన్నాడు హయాత్ బాషా.

"చెప్పుడెందుకు? ముసలాయన లడాయిల పట్టుబడి జైల్ల ఉండి వచ్చిండు. గసొంటి మనిషి ఊకె నిలబడితె చాలు."

"నిలబడితే ఓట్లు పడతాయా? మా ఊర్లో కరెంటు స్తంభం గూడ నిలబడే ఉంది."

"నీ మనిషి పేరు నడుమ హుసేన్ అని ఉన్నదట. గది జూసే ఎయ్యరు."

"ఆ మాట అమెరికావోడు అనాల. నువ్వు అనాకు, నేను రోజా ఉండా."

నవ్వారు. హయాత్ బాషా లేచి గోడ దగ్గరకు పోయి చెప్పాడు. "ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక ఊర్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ ఊరి సీట్లన్నీ ఆయనకే. అందుకని ఖాయమైన ఊర్లకు ఎవరూ పోరు. తేలని ఊర్లలోనే తిరుగుతారు."

"అంటె ఈ బండమీదిపల్లెకు ఎవ్వడు రాడు. చాయ్ గుడ పొయ్యడు," అన్నాడు భోజన్న.

"వాళ్ళకు చాయ్ పోసి మాత్రం ఏం లాభం? ఎట్లా ఆ పెద్దమనిషి చెప్పినోళ్ళకే వేస్తారు."

ఖాయమైన వాటికి ఆ పొద్దే రంగు వేశారు. మిషిగన్, ఒహాయో, ఇంకో రెండు మూడు ఉట్టి గీతలుగా మిగిలాయి. బండమీదిపల్లెకు ఎరుపు మీరావలి చేత వేయించారు. చేయి వణకని మనిషని ఆయనకు పేరు.

పండుగ నాడు నమాజు చేసి వచ్చేసరికి ఖాదర్ హుస్సేన్ మంచం మీద ఫోను పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతనిది బండమీదిపల్లె. పండుగ పలకరింపు అయ్యాక చెప్పాడు.

"గడ్డివాములు కాలినాయంట మా ఊర్లో. మనుషులకు ఏం కాలేదు. కానీ మంట వెడల్పున పోలేదంట. ఒకే చోట తాటిచెట్టంత ఎత్తున నిలబడి కాలిందంట. పొగ లేదంట. హోరు మాత్రం పక్క ఊరి దాకా వినిపించిందంట."

ఒక్కొక్కరే కిటికీ వైపు చూశారు. కిటికీలో రిఫైనరీ మంట నిలబడి కాలుతోంది.

"గడ్డికి బీడి ముక్క తాకినా కాల్తది," అన్నాడు భోజన్న. అని, సేమ్యా గిన్నె అందరి ముందరా పెట్టాడు.

మీరావలి తన చేతివైపు చూసుకున్నాడు. గోరు సందున రెడాక్సైడు ఇంకా పోలేదు.

పండుగ పోగానే ముసలాయన మనుషులు మిషిగన్‌ను వదిలేశారని టీవీలో చెప్పారు. మెస్సులో దాని మీద పెద్ద రగడ అయింది.

"ఓట్లు రాకముందే ఊరు ఇడిసి పోవుడేంది? ఏజెంటు గుడ కూసోడా?" అన్నాడు భోజన్న.

"ఉన్న మనుషుల్ని, ఉన్న బలాన్ని అంతా ఒహాయోకు తోలుకపోయినారు. ఒహాయో లేకుండా ఆ పార్టోడు ఎవడూ గద్దెనెక్కలేదంట," అన్నాడు హయాత్ బాషా.

"అంటే ఎగువరేవును ఇడిసిపెట్టి రేవుపాడు మీద పడినారు," అన్నాడు ఖాదర్ హుస్సేన్.

"అంతే."

హయాత్ బాషా నీలిమందు కలిపి ఎగువరేవుకు పూశాడు. రేవుపాడు దాని కింద తెల్లగానే మిగిలింది.

అక్టోబరు ఆఖరి శుక్రవారం మీరావలి భార్య గౌసియా ఫోను చేసింది. ఆమె, కూతురు షాహీదా రేవుపాడులో ఉంటారు. ఆమె ఎప్పుడూ అసలు సంగతి చివర చెబుతుంది.

"ఎగువరేవులో చావిడి ఎనక ఎండిన బాయి ఉంటుంది గదా. దాన్లో నీళ్ళు వచ్చినాయి."

"వాన పడిందా?"

"వాన యాడిది? మబ్బే లేదు. తెల్లారేసరికి గట్టు దాకా వచ్చినాయంట. తాగి చూసినోళ్ళు ఉమ్మేసినారు. ఉప్పంట. సముద్రం నీళ్ళు అట్లుంటాయంట గదా. నువ్వు రోజూ చూస్తావు. అట్లనే ఉంటాయా?"

మీరావలి సముద్రం వైపు చూశాడు.

"అట్లనే ఉంటాయి," అన్నాడు.

"సరేలే. మనకు గవర్నమెంటు ఇల్లు వచ్చింది. సర్పంచి రెండు జాగాలు చూపించినాడు. ఒకటి రేవు గడ్డన, ఏటి పక్కనే. ఒకటి పైన, ఎర్రదిన్నె మీద. వచ్చే శుక్రవారానికి ఏదో ఒకటి చెప్పాలంట. రేవు గడ్డన అయితే కొళాయి వాకిట్లోనే, మా అమ్మ పక్కనే. దిన్నె మీద అన్నీ బోదగడ్డి కొట్టాలు, వాములు. బండమీదిపల్లె మాదిరి నిప్పు పడితే ఆర్పను చెంబుడు నీళ్ళుండవు. నేనైతే రేవు గడ్డనే అంటా. కానీ నాకు ఒక్కదానికే ఎందుకో మనసు ఒప్పలేదు. నువ్వు ఒక మాట చెప్పు. నేను, షాహీదా బతికేది దాన్లోనే గదా."

"చూసి చెప్తా."

"యాడ చూస్తావు, దుబాయ్‌లో కూసోని?"

ఎక్కడ చూడాలో ఆయనకు అప్పటికే తెలుసు. ఒహాయోకు ఎరుపు పడితే రేవుపాడుకు మంట వస్తుంది. అప్పుడు రేవు గడ్డన కట్టాలి. నీలం పడితే నీళ్ళు వస్తాయి. అప్పుడు దిన్నె మీద కట్టాలి. అమెరికాలో ఓట్లు మంగళవారం. ఇక్కడ ఫలితం తెలిసేది బుధవారం పొద్దున. సర్పంచికి చెప్పాల్సింది శుక్రవారం. ఈ మాట పైకి అంటే భోజన్న మళ్ళీ రంజాన్ దాకా నవ్వుతాడని కూడా ఆయనకు తెలుసు. అయినా ఎర్ర పట్టీ ఉన్న పైపును ఒట్టి చేత్తో ముట్టుకోమంటే ఎట్లా ముట్టుకోడో, ఆ గోడను కూడా అట్లా కాదనలేకపోయాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఆయనే నోరు తెరిచాడు.

"రేవుపాడు ఎవరిది?"

అందరి చేతులూ ఆగాయి.

"కాక మాట్లాడిండు. ఇగ ఎడారిల వాన పడ్తది," అన్నాడు భోజన్న.

"చెప్పలేం మామా," అన్నాడు హయాత్ బాషా. "పొద్దున ఒకరిది, సాయంత్రం ఒకరిది. రేవుపాడులో ఫ్యాక్టరీలు మూతబడినాయి. జనం ఇండ్లు వదిలిపెట్టి పోతాండారు."

అతను చెప్పేది ఒహాయో సంగతి. గోడ మీద పేరు పలికి పలికి అందరికీ అలవాటైపోయింది. మీరావలికి మాత్రం తన వీధి కనిపించింది. తలుపులు తీసి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు.

"ముందే ఓట్లు వేయిస్తాండారు రేవుపాడులో. ఒక నెల నుంచి," అన్నాడు హయాత్ బాషా.

"ముందే ఏస్తే మల్ల ఆఖరి దినం పంచుడెట్ల?" అన్నాడు భోజన్న.

"అక్కడ పంచరు."

"పంచకుంటె మల్ల ఎందుకేస్తరు?"

"రేవుపాడును తిప్పాలంటే మీటింగులు పనికిరావు," అన్నాడు ఖాదర్ హుస్సేన్. అతను ఊర్లో రెండుసార్లు పోలింగు బూతులో ఏజెంటుగా కూర్చున్నవాడు. "ఇంటింటికీ పోవాల. ఆడోళ్ళతో మాట్లాడాల. మొగోడు ఒక మాట చెప్తాడు, ఆడది లోపలికి పోయి ఇంకోటి గుద్దుతాది."

"పోతాండారు. నల్లాయన మనుషులు ప్రతి తలుపూ తడతాండారు."

"తలుపు తీస్తాండారా?" అన్నాడు మీరావలి.

హయాత్ బాషా ఆయన మొహంలోకి చూశాడు. నవ్వబోయి మానుకున్నాడు.

"కొన్ని ఇండ్లలో ఎవరూ పలకడం లేదంట మామా."

దూరాన మంట హోరు ఒక్కటే ఉంది.

"దానికి రంగు వేయకుండా వదిలెయ్యరాదా?" అన్నాడు మీరావలి.

"ఎట్ల వదులుతాం? ఎవరో ఒకరిది కావాల్సిందే గదా."

బుధవారం పొద్దున పొగమంచు కమ్మింది. సముద్రం మీద నుంచి వచ్చి క్యాంపు మీద కూర్చుంది. పక్క బ్యారక్ కనబడలేదు. ఏళ్ళలో మొదటిసారి మంట కూడా కనబడలేదు, హోరు మాత్రం మంచులో నుంచి వస్తూనే ఉంది. అంత తడి మీద ఇనుముకు రంగు పట్టదు. డ్యూటీ బస్సు ఆలస్యమని క్యాంపు పెత్తనం చూసే ముదీర్ చెప్పిపోయాడు. అందరూ దుప్పట్లు కప్పుకుని టీవీ ముందర చేరారు.

మీరావలి టీవీ వైపు చూడలేదు. గోడ ముందర ఒక నూనె డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. వెనక హయాత్ బాషా ఒక్కో ఊరి పేరే అరుస్తున్నాడు. పెన్సిల్వేనియా నల్లాయనదట. దాని మీద ఒక నవ్వు, ఒక తిట్టు.

"ముసలాయన ఒహాయోల గట్టిగ ఉన్నడు. చూస్కోండ్రి," అంటున్నాడు భోజన్న.

గోడ చెమర్చింది. మొదట మెరుపులాగా కనిపించింది, తర్వాత చుక్కలు కట్టింది. గోడకు పైన ఏసీ ఉంది, అది చెమర్చడం కొత్త కాదు. కానీ ఎర్రటి ఊర్ల మీద చుక్క లేదు. బండమీదిపల్లె ఎండిన పేడ పిడకలాగా ఉంది. నీలం ఊర్లే తడిశాయి. ఎగువరేవు అడుగున నీలం బరువెక్కి, గట్టు ఉబ్బినట్టు ఉబ్బింది. మీరావలి చూస్తుండగానే అది ఒక చోట తెగి రేవుపాడులోకి జారింది.

ఆయన లేచి బొటనవేలు అడ్డం పెట్టాడు. నీలం వేలి దగ్గర ఆగింది. కాసేపు ఆగి, రెండు పాయలై వేలి చుట్టూ తిరిగి పోయింది. ఆయన అరచేయి పెట్టాడు. అరచేతి కింద నుంచి పోయింది. తొందర లేదు దానికి. హయాత్ బాషా గీసిన గీత దాకా, నాలుగు వైపులా, మూల కూడా వదలకుండా నిండింది. గీత దాటలేదు.

మీరావలి వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది.

అప్పుడు వెనక కేక లేచింది.

"ఒహాయో," అన్నాడు హయాత్ బాషా. "ఒహాయో నల్లాయనదే. ఖలాస్, ఇంక అయిపోయింది ఆట."

బ్రష్షు, నీలిమందు గిన్నె పట్టుకుని గోడ దగ్గరకు వచ్చి నిలబడిపోయాడు. గిన్నెలో నీలం కదలకుండా ఉంది. బ్రష్షు ఎండిపోయి ఉంది.

"ఎవరు వేసినారు దీన్ని?"

మీరావలి అరచేయి తిప్పి చూపించాడు. చేయంతా నీలంగా ఉంది. హయాత్ బాషా ఆ చేతినీ గోడనూ మార్చి మార్చి చూశాడు.

"నువ్వేనా మామా?"

"నేను ఆపుతాంటి," అన్నాడు మీరావలి.

భోజన్న భుజం మీది తువ్వాలు తీసి గోడను ఒత్తాడు. ఒకసారి, రెండుసార్లు. తువ్వాలు తడిసింది గానీ తెల్లగానే ఉంది. నీలం గోడను వదలలేదు.

"ఏసీ నీళ్ళే కాక. మనసుల పెట్టుకోకు," అన్నాడు. ఈసారి నవ్వలేదు. తువ్వాలు భుజం మీద వేసుకోకుండా చేత్తో దూరంగా పట్టుకుని వంటింట్లోకి పోయాడు.

మర్నాడు పొద్దున మంచు పలచబడింది. బస్సు రాకముందే మీరావలి క్యాంపు వెనక గోడ దగ్గరకు పోయి గౌసియాకు ఫోను చేశాడు.

"దిన్నె మీద," అన్నాడు.

"సలాం లేదు, ఎట్లుండావని లేదు. దిన్నె మీద ఏంది?"

"ఇల్లు."

"కొళాయి లేదు దిన్నె మీద."

"మోసుకుందాం. వచ్చినాక నేనే మోస్తా."

"ఎందుకో చెప్పవయ్యా. నేను మా అమ్మకు చెప్పేసినా రేవు గడ్డనే అని."

గోడ, ఓట్లు, అమెరికా, ఏది చెప్పినా ఆమె ఫోను పెట్టేస్తుంది.

"రేవు గడ్డన వద్దు గౌసియా."

పెళ్ళయినప్పటి నుంచి ఆమెను ఆయన పేరు పెట్టి పిలిచింది తక్కువ.

"నిన్న పొద్దున్నుంచి మన ఇంటి గోడ చెమరుస్తాంది," అంది. "వానా లేదు, ఏమీ లేదు. కొట్టంలో పొయ్యి పక్క గోడే తడుస్తాంది. షాహీదా గుడ్డ పెట్టి తుడుస్తాంటే మళ్ళీ వస్తాంది. నీకు చెప్దామా వద్దా అనుకుంటి. దిన్నె మీదనే రాయిస్తాలే."

"మీ అమ్మను గూడ పైకి తీసుకపో."

"ఆమె వస్తాదా? రేవు ఇడిసి రాదు."

"ఎత్తుకపో."

ఫోను జేబులో పెట్టుకుని వచ్చేసరికి బస్సు నిండింది. యల్లా యల్లా, ఎక్కండి అని డ్రైవరు హారను కొడుతున్నాడు. మీరావలి ఎక్కాడు. తన సీట్లో కూర్చోలేదు. డ్రైవరు వెనక, సీట్ల నడుమ దారిలో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ బస్సులో ఆయన గొంతు ఎవరూ విని ఉండరు.

"నీలం పడిన ఊర్లోళ్ళు ఎవరెవరు?"

వెనక ఎవరో నవ్వారు. "మామా, ఓట్లు నిన్ననే ఖలాస్ అయినాయి," అన్నాడు ఖాదర్ హుస్సేన్. "మాది ఎరుపు. మాది కాలేది కాలిపోయె. నాకు ఫికర్ లేదు."

మీరావలి మొదటి సీటులో ఉన్న మనిషి వైపు వంగాడు.

"నీది ఎగువరేవు గదా. మీ ఇంట్లోవాళ్ళు యాడుంటారు, మెట్టనా, ఒడ్డునా?"

"ఒడ్డునే. ఎందుకు?"

"ఫోన్ చెయ్. మెట్టన జాగా చూసుకోమను."

ఆ మనిషి నవ్వుదామని మీరావలి మొహం చూసి, చేతి వైపు చూశాడు. కమ్మీ పట్టుకున్న అరచేతి నీలం ఇంకా పోలేదు. అతను నవ్వలేదు. మీరావలి రెండో సీటు దగ్గరకు జరిగి, "నీది ఏ ఊరు?" అన్నాడు. బస్సు కదిలింది. కిటికీలో మంట మళ్ళీ కనబడింది. ప్లాంటు గేటు వచ్చేదాకా ఆయన కూర్చోలేదు.